అంచు ముందు చూపించండి

బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి,
హైదరాబాదు.

అయ్యా,

సూరత్‌లోని లింబాయత్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు మాధ్యమం బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సూరత్‌లో తెలుగు బడి ఏమిటని హైదరాబాదులో ఇప్పటికీ అడుగుతుంటారు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి సాంచల (మరమగ్గాల) మీద పనికి వచ్చిన పద్మశాలీలు లింబాయత్, గోడాదరా, డిండోలీ, పర్వత్ పాటియాల్లో రెండు మూడు తరాలుగా ఉన్నారు. బతుకమ్మ ఇక్కడా ఆడతారు, మార్కండేయ జయంతి ఇక్కడా చేస్తారు. ఊరు మాత్రం అక్కడే ఉంది. పెళ్లికైనా చావుకైనా, దసరాకైనా, దీపావళికి కార్ఖానాలు మూసినప్పుడైనా అందరూ రైలెక్కాల్సిందే.

రిటైరయ్యాక నాకు దొరికిన పని ఆ రైలు టికెట్లే. పైసలు తీసుకోను. తీసుకుంటే చట్టం ఒప్పదని కూడా తెలుసు. సాయంత్రం పూట ఎవరో ఒకరు తమ ఫోనే తెచ్చి నా చేతిలో పెట్టి, “సార్, నవజీవన్‌ల వరంగల్‌కు నాలుగు చెయ్యుండ్రి” అంటారు. పేర్లు, వయసులు కొట్టాక కింద ఒక ప్రశ్న వస్తుంది: ప్రయాణ బీమా కావాలా, వద్దా? మనిషికి 45 పైసలు. అంత తక్కువకు ఎవరూ కాదనరు. “పెట్టుండ్రి సార్, పోయేదేముంది” అంటారు. కిందటి దసరాకు మాత్రం కార్ఖానాలో వైపని చేసే ఒకామె, నా వేలు ఇంకా ఆ గడి మీద ఉండగానే ఆపి, “దీంట్ల ఏమేమి రావు సార్?” అని అడిగింది.

ఏమొస్తుందని అందరూ అడుగుతారు. ఏం రాదని అడిగింది ఆమె ఒక్కతే. జవాబు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. షరతుల కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా అన్ని రోజులు పట్టింది. అప్పుడు తెలుసుకున్నదే మీకు రాస్తున్నాను. మీకు తెలియదని కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదని.

వచ్చేవాటి సంగతి ముందు చెప్పేస్తాను, అది న్యాయం. ఈ పథకం 2016 సెప్టెంబరులో 92 పైసలతో మొదలైంది. నోట్ల రద్దు తరువాత ఆన్‌లైన్ చెల్లింపులను పెంచడానికి ఆ డిసెంబరు నుంచి ఉచితం చేశారు. 2018 ఆగస్టు ఆఖరుతో ఆ ఉచితం పోయింది. తరువాత ధర కిందికీ పైకీ జరిగి ఇప్పుడు 45 పైసల దగ్గర ఆగింది. రైలు ప్రమాదంలో మనిషి పోయినా, పూర్తిగా పనికి రాకుండా అయినా 10 లక్షలు. పాక్షికంగా శాశ్వత వైకల్యం కలిగితే ఏడున్నర లక్షల దాకా. గాయాలకు ఆసుపత్రి ఖర్చు 2 లక్షల దాకా. శవాన్ని ఇంటికి చేర్చడానికి 10 వేలు. రైలును వేరే దారిన మళ్లిస్తే బీమా కూడా ఆ దారినే వెంట వస్తుంది. రైల్వే చట్టం కింద వచ్చే పరిహారానికి ఇది అదనమే తప్ప బదులు కాదు. అర్ధ రూపాయి లోపు ఇంత ఇస్తున్న పథకాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

కానీ మా దగ్గర చీర చూపించే పద్ధతి వేరు. ముందు అంచు విప్పుతారు. కొనే ఆడవాళ్లు ఒడలు చూడకముందే అంచు, కొంగు చూస్తారు. ఈ బీమా కాగితానికి అంచు, అంటే ఏమేమి రావో చెప్పే భాగం, అట్టడుగు మడతలో ఉంది.

ఈ బీమా ఇంటర్నెట్‌లో కొన్న టికెట్‌కే వర్తిస్తుంది. అదీ కన్ఫర్మ్ అయితేనో, ఆర్ఏసీ అయితేనో. స్టేషన్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడి కొన్న రిజర్వేషన్ టికెట్‌కు లేదు. జనరల్ డబ్బాకు లేదు. బెర్తు తీసుకోని అయిదేళ్ల లోపు పిల్లలకు లేదు. మా వీధివాళ్లిద్దరు ఒకే డబ్బాలో ఎదురెదురు బెర్తుల మీద ఊరికి పోయారు. ఒకరిది నేను చేసిన నెట్టు టికెట్, రెండోవారిది ఉధ్నా కౌంటర్ టికెట్. దిగేటప్పుడు కౌంటర్ టికెట్ అతను మెట్టు తప్పి పడ్డాడు. మడమ విరిగింది. తిరిగొచ్చాక కట్టుతోనే మా ఇంటికొచ్చి, “మనకు బీమా ఉంది కద సార్” అన్నాడు. ఉన్నది ఎదురు బెర్తుకు. అతనికి లేదని చెప్పడానికి నేను పడ్డ ఇబ్బంది, ఫెయిలైన పిల్లల తండ్రులతో ఇరవై ఏళ్లు మాట్లాడినప్పుడు కూడా పడలేదు. మెట్టు ఒకటే, పడటం ఒకటే, తేడా టికెట్ ఎక్కడ కొన్నాడన్న దాంట్లో ఉంది. పేరు, ఫోన్ నంబరు లేకుండా బీమా ఎలా చేస్తామంటారేమో. కౌంటర్ దగ్గర నింపే రిజర్వేషన్ చీటీలో కూడా పేరు, వయసు, ఫోన్ నంబరు రాయమనే అడుగుతారు కదా.

జనరల్ డబ్బా సంగతి ఇంకా పెద్దది. 2023 జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 280 మందికి పైగా పోయారు. వాళ్లలో జనరల్ డబ్బాల వాళ్లు ఎందరో. పేర్ల పట్టీ లేక, శవం ఎవరిదో తేల్చడానికే వారాలు పట్టింది. అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఢీకొన్నవి విశాఖ–పలాస, విశాఖ–రాయగడ ప్యాసింజర్లు. ప్యాసింజర్ బండికి నెట్టులో బెర్తు ఎవరు చేస్తారు? ఈ బీమా అక్కడి దాకా పోలేదు. మా కార్ఖానాల్లో మీటర్ లెక్కన పగార్ తీసుకునే పిల్లగాళ్లు, పెళ్లికాని వాళ్లు, రెండు నెలల ముందు సెలవు దొరుకుతుందో లేదో తెలియనివాళ్లు, అందరూ ఎక్కేది జనరల్ డబ్బాయే. ఎవరు పోతే ఇల్లు నిలువునా కూలుతుందో వాళ్లకే ఈ కాగితం లేదు.

వాళ్లకు అసలేమీ రాదా అంటే, వస్తుంది. కానీ అది బీమా కాదు, చట్టం. 1989 నాటి రైల్వే చట్టంలో 124ఏ అనే సెక్షన్ ఉంది. రైలు నుంచి పడి మనిషి పోతే, రైల్వే తప్పుందా లేదా అని చూడకుండా పరిహారం ఇవ్వాలని చెబుతుంది. 2017 జనవరి నుంచి మరణానికి ఆ పరిహారం 8 లక్షలు. అడగాల్సింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌ను. ఇక్కడివాళ్లకు అహ్మదాబాదులో, ఊరివైపు వాళ్లకు సికింద్రాబాదులో బెంచీలున్నాయి. ఏడాది లోపు అడగాలి. 2018 మేలో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా విప్పి చెప్పింది. శవం దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదనరాదు, ఎక్కుతూనో దిగుతూనో పడినా ఇందులోకే వస్తుంది, జాగ్రత్తగా లేడని చెప్పి ఎగ్గొట్టరాదు అంది. మా వీధిలో ఈ సంగతి తెలిసినవాళ్లు నేను లెక్కపెట్టినంతలో ఇద్దరు. ఒకరు నేను.

అయితే ఆ చట్టానికీ ఒక అంచు ఉంది. 45 పైసల బీమా అదే అంచును అరువు తెచ్చుకుంది. ఏది ప్రమాదమో, ఏది ‘అవాంఛనీయ సంఘటనో’ చెప్పడానికి పాలసీ వేరే మాటలు వెతుక్కోలేదు, చట్టంలోని 123, 124, 124ఏ సెక్షన్లనే చూపించి ఊరుకుంది. 123లో ఉన్న పట్టీ ఇది: ఉగ్రవాద చర్య, దాడి, దోపిడీ, అల్లర్లు, కాల్పులు, నిప్పు పెట్టడం, రైలు నుంచి ప్రమాదవశాత్తూ పడిపోవడం. ఇందులో తొక్కిసలాట అన్న మాట లేదు.

ఈ పట్టీ చదువుతుంటే నాకు 2023 నవంబరు 11 గుర్తొచ్చింది. దీపావళికి ముందు రోజు. బీహార్ వైపు పోయే రైలు కోసం మా సూరత్ స్టేషన్‌లో జనం ఎగబడ్డారు. ఊపిరాడక కొందరు సొమ్మసిల్లారు, ఒక ప్రయాణికుడు పోయాడు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో 18 మంది పోయారు. ఆ కుటుంబాలకు ఇచ్చింది ఎక్స్‌గ్రేషియా. అది ఇచ్చేవాళ్ల ఇష్టం మీద వచ్చేది, కాగితం చూపించి అడిగేది కాదు. రైలు మెట్టు మీది నుంచి పడితే కోర్టు తీర్పు ఉంది, ప్లాట్‌ఫాం మీద నలిగిపోతే వకీలు కావాలి. దీపావళి నాడు సూరత్ స్టేషన్‌లో మెట్టుకూ ప్లాట్‌ఫాంకూ మధ్య ఎవరి కాళ్లు ఎక్కడున్నాయో చెప్పగల మొనగాణ్ణి నేనింకా చూడలేదు.

సామాను గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. సంచీ పోతే ఈ బీమా పైసా ఇవ్వదు. ఊరికి పోయేటప్పుడు మావాళ్లు పగార్, బోనస్ అంతా నడుముకు కట్టుకుంటారు. అలాగే నడుము బెల్టులో లక్ష రూపాయలు కట్టుకుని రైలెక్కి పోగొట్టుకున్న ఒక వ్యాపారి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన సొమ్ము తానే కాపాడుకోలేకపోతే రైల్వేది బాధ్యత కాదని 2023 జూన్‌లో తేల్చేశారు. ఆ తీర్పు సంగతి చెప్పినప్పటి నుంచి మా వీధిలో కొందరు డబ్బు ముందే బ్యాంకులో వేసి పోతున్నారు. నేను చదివి వినిపించిన కాగితాల్లో వెంటనే పనికొచ్చింది అదొక్కటే.

ఇక అన్నిటికన్నా లోతైన అంచు, జబ్బు. చట్టంలోనూ పాలసీలోనూ సహజ కారణంతో, రోగంతో వచ్చిన చావు బయటే ఉంది. పన్నెండు గంటల పాళీ, రాత్రుళ్లు నిద్రలేమి, చెవులు దిబ్బళ్లు పడే చప్పుడు, ఎండాకాలంలో రేకుల కింద ఉడుకు. ఇవన్నీ అయ్యాక రైలెక్కి, అకోలా దాటాక ఛాతీ పట్టుకుని పడిపోయిన మనిషి ఇంటికి ఈ 10 లక్షలు రావు. శవం పంపడానికి ఇచ్చే ఆ 10 వేలు కూడా రావు. ఎందుకంటే అతన్ని చంపింది రైలు కాదు. నాకు 1994 సెప్టెంబరు గుర్తుంది. ప్లేగు వచ్చిందని తెలిసిన రాత్రి నుంచి లక్షల మంది ఈ ఊరు విడిచిపోయారు. టికెట్ అడిగినవాడు లేడు, ఇచ్చినవాడు లేడు. ఆ రోజు మా డబ్బాలో మేమంతా భయపడింది జబ్బుకే. ఈ బీమా అప్పుడే ఉండి, అందరం టిక్కు పెట్టుకునే ఎక్కి ఉన్నా, ఆ భయానికి మాత్రం అది జవాబు అయ్యేది కాదు.

ఈ అంచు సూరత్‌తో ఆగిపోదు. మా వీధిలో ఒకే ఇంటి అన్నదమ్ములు ఉన్నారు. అన్న ఇక్కడ సాంచలు నడుపుతాడు, తమ్ముడు దుబాయ్‌లో పని చేస్తాడు. తమ్ముడికున్నది ప్రవాసీ భారతీయ బీమా యోజన. 2003లో మొదలైంది, 2017లో సవరించారు. ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరైన) పాస్‌పోర్టుతో 18 దేశాలకు పనికి పోయేవాళ్లకు తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఇక్కడా ఆ ‘ప్రమాదంలో’ అన్న మాట దగ్గరే అంతా ఆగుతుంది. పగలంతా ఎండలో పని చేసి, రాత్రి క్యాంపులో పడుకుని తెల్లారి లేవని మనిషిని డాక్టరు గుండె ఆగిందని రాస్తాడు. గుండె ఆగడం ప్రమాదం కాదు. గల్ఫ్ నుంచి కరీంనగర్ జిల్లాల ఊళ్లకు చేరిన పెట్టెల వెనక ఈ మాట ఎన్నిసార్లు విన్నామో అక్కడి వాళ్లను అడగండి. విజిట్ వీసా మీద పోయినవాడికి ఆ 275 రూపాయల పాలసీ కూడా ఉండదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో పోయినవారి కుటుంబానికి 5 లక్షల సాయం ఇస్తామని ముందుకొచ్చింది. పూడ్చడానికి ఒక రాష్ట్రమే దిగాల్సి వచ్చిందంటే గుంత ఎంత ఉందో తెలుస్తూనే ఉంది.

గుండెజబ్బును కూడా 45 పైసల్లో కలపమని అడగడానికి నేనంత అమాయకుణ్ణి కాను. ఆ ధరకు అది కుదరదని మీ లెక్కలవాళ్లు చెప్పకముందే నాకు తెలుసు. అంచు లేని బట్ట నిలవదు, పీలికలైపోతుంది. నా గొడవ అంచు చూపించకపోవడం గురించి.

దానికన్నా ముందు నామినీ ముచ్చట చెప్పాలి, ఎందుకంటే అందులో అచ్చంగా మీ చేతిలో ఉన్న పని ఉంది. టికెట్ అయ్యాక బీమా కంపెనీ నుంచి ఫోన్‌కు ఒక సందేశం వస్తుంది. అందులో ఒక లింకు. దాన్ని నొక్కి నామినీ పేరు నింపాలి. ఇప్పుడు మా వీధివాళ్ల వైపు నుంచి చూడండి. బ్యాంకు చెబుతుంది, తెలియని లింకు నొక్కొద్దని. పోలీసులు చెబుతారు, నొక్కొద్దని. ఆ మధ్య ఫోన్ చేస్తే రింగుకు ముందు రికార్డు గొంతు కూడా అదే చెప్పేది. పండగకు కూడబెట్టిన పైసలు అట్లా పోగొట్టుకున్న ఇళ్లు మాలో ఉన్నాయి. ఇంగ్లీషులో, ఎవరో తెలియని పేరుతో, ఒక లింకుతో వచ్చిన సందేశాన్ని మావాళ్లు ఏం చేస్తారు? తుడిపేస్తారు. చెప్పిన మాట విన్నందుకు వాళ్లను తప్పుపట్టలేను. నామినీ లేకపోతే సొమ్ము చట్టబద్ధ వారసులకు పోతుందని కాగితంలో ఉంది. వారసులమని నిరూపించుకోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఆధార్‌లో సూరత్ చిరునామా, రేషన్ కార్డులో సిరిసిల్ల, పెళ్లికి ఏ కాగితమూ లేదు, అత్తగారు వేరే మాట అంటుంది. ఇదంతా అయ్యేసరికి ప్రమాదం జరిగిన నాలుగు నెలల్లోగా దావా వేయాలన్న గడువు గడప దాటిపోతుంది.

బెర్తు కిందిదా పైదా అని అడిగే తెర, అన్నం శాకాహారమా మాంసాహారమా అని అడిగే తెర, నామినీ పేరు అక్కడే అడగలేదా? లింకు దేనికి? డబ్బు కట్టకముందే, అదే పేజీలో, ఒక గడి. ఇది నా మొదటి మనవి.

రెండోది అంచు. 2024 జనవరి నుంచి ఆరోగ్య బీమా కొన్నవాళ్లకు తేలిక మాటల్లో ఒక సమాచార పత్రం ఇవ్వాలని, కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని ఆదేశించింది మీ సంస్థే. మంచి పని చేశారు. అదే మర్యాద 45 పైసల మనిషికీ ఇప్పించండి. పుస్తకం అక్కర్లేదు. టిక్కు పెట్టే గడి పక్కనే తెలుగులో, గుజరాతీలో, ఒడియాలో, ఎవరి ఫోన్‌లో ఏ భాష ఉంటే ఆ భాషలో నాలుగు ముక్కలు చాలు: కౌంటర్ టికెట్‌కు, జనరల్ డబ్బాకు ఇది లేదు. సామాను పోతే రాదు. జబ్బుతో పోతే రాదు. నాలుగు నెలల్లోపు అడగాలి. రానివి ముందు, వచ్చేవి తరువాత. కాదన్న కంపెనీ మీద ఎవరికి చెప్పుకోవాలో కూడా ఒక ముక్క. బీమా అంబుడ్స్‌మన్ అహ్మదాబాదులోనూ, హైదరాబాదులోనూ ఉన్నారని, అక్కడ ఫీజు లేదని తెలిసినవాడు మా వీధిలో లేడు. ట్రిబ్యునల్ సంగతి తెలిసిన ఆ రెండోవాడికి కూడా తెలియదు.

మూడోది మీ ఒక్కరి చేతిలో లేదు, రైల్వే కూడా ఒప్పుకోవాలి. కౌంటర్ టికెట్‌ను, జనరల్ టికెట్‌ను కూడా ఇందులోకి తీసుకురండి. 2047 నాటికి అందరికీ బీమా అని మీ సంస్థ లక్ష్యం పెట్టుకుంది. అప్పటికి నేనుండను. ఆ ‘అందరూ’ అన్న మాటలో జనరల్ డబ్బా ఉందా లేదా అన్నది మాత్రం ఇప్పుడే తెలుసుకోవాలని ఉంది.

వైపని చేసే ఆమెకు నేను మూడో రోజు సాయంత్రం అన్నీ చెప్పాను. ఓపికగా విన్నది. “గట్లనా” అన్నది. సరే, పెట్టమంది. పెట్టాను. ఇన్ని విన్నది కాబట్టి, ఈసారి సందేశం రాగానే ఆమె ముందే లింకు తెరిచి, “నామినీ ఎవరమ్మా?” అని అడిగాను. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు, ఊళ్లో ఉన్న ఒక్క అన్న కూడా కిందటేడే పోయాడు. ఆ దినాలకే ఇంత దూరం పోయి వచ్చింది కూడా.

“ఎవరుంటరు సార్, నా పేరే రాయుండ్రి” అన్నది.

ఆ గడిలో ఏం రాయాలో తమరు తెలుపగలరని కోరుతూ,

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
లింబాయత్, సూరత్.